మా పనస చెట్టు ఎక్కడ పలుకుతోంది?

మా తాతకి నేనో అబద్ధం చెప్పాను. కావాలని చెప్పింది కాదు. చెప్పిన రోజున అది నిజమనే అనుకున్నా. ఆర్నెల్ల తర్వాత అది అబద్ధమని మా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో తేలింది. దాన్ని తాతకి ఎలా చెప్పాలో తెలీక రెండు పండగలకి ఇంటికెళ్లడం మానేశాను. ఈ వ్యాసం దాని గురించే.

మాది ఉద్దానం. పలాస స్టేషన్లో దిగి ఆటో ఎక్కాలి. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊళ్లు మావి. మా పెరట్లో ఒక పనస చెట్టు ఉండేది. తాత వాళ్ల నాన్న వేసిన చెట్టు. వేసవిలో మొదలు నుంచి మెడ దాకా కాయలే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా మీదకి వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి. తెల్లవారుజామున అందరం ఒకే గదిలో, తలుపుకి మంచం అడ్డం పెట్టి కూర్చున్నాం. గాలి తగ్గాక బయటికొస్తే పెరట్లో అలవాటు లేని వెలుగు. చెట్టు వేళ్లతో సహా లేచి గోడ మీద పడి ఉంది. కొబ్బరి చెట్లు ఎన్ని పోయాయో తాత లెక్కపెట్టుకున్నాడు కానీ, పనస దగ్గరికి మాత్రం సాయంత్రం దాకా రాలేదు. వచ్చి, మొదలు మీద చెయ్యి వేసి, "పోనాదే గుంటా, మా అయ్య ఏసిన సెట్టు" అన్నాడు. అంతే.

తర్వాత దాన్ని పలాస తీసుకెళ్లి కోయించాడు. కొత్త ద్వారబంధాలు అయ్యాయి. మామ్మకి ఒక పీట అయింది. రెండు పలకలు మిగిలితే అటక మీద పడేశాడు. ఎవరడిగినా ఇవ్వలేదు. "ఉండనీ, దేనికో దానికి పనికొత్తాది" అనేవాడు.

ఇప్పుడు గిటార్ సంగతి. ఫస్టియర్‌లో ట్యూషన్లు చెప్పిన డబ్బుతో ఒక చవక ఎలక్ట్రిక్ గిటార్ కొన్నా. దాని ఒళ్లు బాస్‌వుడ్, అంటే తేలికపాటి మెత్తని చెక్క. సెకండియర్‌కి మా బ్యాండ్ కాస్త కుదురుకుంది. అప్పుడు మొదలైంది నాకు మేపుల్ పిచ్చి. విశాఖలో ఒక షాపులో అతను చెప్పాడు: "మేపుల్ బాడీ అయితే సౌండ్ బ్రైట్‌గా, గాజు గీసినట్టు వస్తుంది మేడమ్. మహాగని అయితే వార్మ్. మీ బాస్‌వుడ్‌లో ఏముంటుంది?" ఇంటర్నెట్‌లో చదివినా అదే మాట. మేపుల్ ధర చూస్తే రెండు సెమిస్టర్ల మెస్ బిల్లు దాటింది.

"మీ ఊళ్లో పనస కర్ర ఉందన్నావు కదా, బొబ్బిలి వీణలు చేసేది దాంతోనే" అంది నా రూమ్మేట్. దానిది బొబ్బిలి. నాకు వెలిగింది. ఆ రాత్రే తాతకి ఫోన్ చేశా.

"వీణ సేత్తారు గానీ, గిటారవుద్దేటి దాంతోటి?" అన్నాడు.

"అవుద్ది తాతా. నీ చెట్టు గొంతు మా కాలేజీ అంతా వింటాది."

కాసేపు ఫోన్లో మాట లేదు. తర్వాత, "అయితే అట్టుకుపో" అన్నాడు. అటక మీంచి తనే దింపి, తుడిచి, గోనె చుట్టి పెట్టాడని మామ్మ తర్వాత చెప్పింది.

ఆ గోనె మూటతో ముందు వెళ్లింది గొల్లపల్లికి. బొబ్బిలి పక్కనే. మన జిల్లాలో చదువుతూ ఆ ఊరు చూడనివాళ్లు ఒకసారి వెళ్లిరండి. బొబ్బిలి సంస్థానం రోజుల నుంచి సర్వసిద్ధి వారి కుటుంబాలు అక్కడ వీణలు చేస్తున్నాయి. ఈ వీణకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పనస మొద్దుని తీసుకుని కుండ, దండి ఒకే ముక్కలోంచి తొలుస్తారు. అతుకు ఉండదు కాబట్టి దాన్ని ఏకాండి వీణ అంటారు. బయటి నుంచి చూస్తే చెక్కడం గొప్పగా కనిపిస్తుంది. అసలు పని లోపల ఉంది. కుండ లోపలంతా ఖాళీ చేసి, పైన పలచటి పలక మూస్తారు. దాని మీద గుర్రం నిలబడుతుంది. తీగ కంపనం గుర్రం లోంచి పలకకి, పలక నుంచి కుండలోని గాలికి వెళుతుంది. ఒట్టి తీగ అంత సన్నగా ఉంటుంది కదా, గాలిని కదపలేదు. కదిపేది చెక్క. వీణలో మనకి వినపడేది నిజంగానే పనస కర్ర.

అక్కడొక పెద్దాయన మా పలకని వేళ్ల ముడులతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మంచి కర్రమ్మా, బాగా ఆరింది" అన్నాడు. నేను ఫోన్లో గిటార్ బొమ్మ చూపించా. "ఇదంతా గట్టిదేనా? తొలవరా?" అన్నాడు. పికప్‌లకి గుంటలు తప్ప అంతా గట్టిదే అన్నా. ఆయన పలక నా చేతికిచ్చేసి, "తొలవకపోతే ఏటి పలుకుద్దమ్మా?" అన్నాడు.

అప్పుడు నవ్వి ఊరుకున్నా. ఆయనకి ఎలక్ట్రిక్ గిటార్ గురించి తెలీదులే అనుకున్నా. నిజానికి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

ఇక్కడ మేపుల్ గురించి ఒక మాట. ఈ కర్ర మన ప్రాంతానికి గిటార్లతో వచ్చింది కాదు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ చెప్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు చేరారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. వయొలిన్‌కి ముందు పలక స్ప్రూస్, వెనక పలక, పక్కలు, మెడ మేపుల్ ఉండటం వందల ఏళ్ల సంప్రదాయం. వెనక్కి తిప్పి చూస్తే పులిచారల్లాంటి గీతలు మెరుస్తుంటాయే, అదే మేపుల్. అంటే మన విజయనగరం వందేళ్లుగా మేపుల్ వింటూనే ఉంది. వయొలిన్‌లో కూడా వీణలో లాగే చెక్క కదిలి గాలిని కదుపుతుంది. అక్కడ మేపుల్‌కి ఉన్న పేరు ఊరికే రాలేదు. ఆ పేరు అలాగే ఎలక్ట్రిక్ గిటార్‌కి అంటుకుంది. అంటుకోవాల్సిన చోటేనా అన్నదే ప్రశ్న.

ఈసీఈ వాళ్లకి తెలిసిందే, మిగతా బ్రాంచీల వాళ్ల కోసం చెప్తున్నా. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద పికప్ ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకకంటే సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టిన కాయిల్ అది. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత ఫ్లక్స్ మారుతుంది, కాయిల్‌లో వోల్టేజి పుడుతుంది. ఇంటర్‌లో బట్టీపట్టిన ఫారడే నియమమే. అది వెళ్లి యాంప్‌లో పెద్దదవుతుంది. చెక్కకి అయస్కాంత గుణం లేదు కాబట్టి పికప్‌కి చెక్క కనపడదు. నమ్మకం లేకపోతే ఉక్కు తీగలు తీసేసి నైలాన్ తీగలు కట్టి మీటండి. గిటార్ దగ్గర చిన్నగా వినపడుతుంది, యాంప్‌లోంచి మాత్రం ఏమీ రాదు.

ఇంకో సంగతి తెలిశాక నాకు నవ్వొచ్చింది. అసలు ఈ గట్టి ఒళ్లు గిటార్లు ఎందుకు పుట్టాయి? అంతకుముందు డొల్ల గిటార్లకే పికప్ పెట్టేవాళ్లు. యాంప్ శబ్దం పెంచితే అది వచ్చి గిటార్ డొల్లని ఊపేది, ఆ ఊపు మళ్లీ తీగలకి, మళ్లీ పికప్‌కి. కుయ్యిమని కేక మొదలయ్యేది. మన ఊళ్లలో పెళ్లి మైకు అరుస్తుందే, అదే గోల. దాన్ని ఆపడానికి 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే అమెరికా గిటారిస్టు ఒక పైన్ దూలం ముక్కకి తీగలు, పికప్‌లు బిగించాడు. చూడ్డానికి గిటార్ లాగా ఉండాలని పక్కలకి మాత్రం డొల్ల గిటార్ రెక్కలు తగిలించాడు. దాన్ని 'లాగ్' అన్నారు, అంటే మొద్దు. 1952లో ఆయన పేరుతో గిబ్సన్ కంపెనీ తెచ్చిన గిటార్‌కి మహాగని ఒళ్లు, పైన మేపుల్ పలక. ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. మొదట యాష్ కర్ర, రెండేళ్లకే ఎక్కువగా ఆల్డర్ అయింది, మెడ మాత్రం మేపుల్. రికెన్‌బేకర్ వాళ్లు ఒంటికి కూడా మేపులే వాడారు. ఏ కర్రయినా ఉద్దేశం ఒకటే: చెక్క కదలకూడదు. చెక్క నోరు మూయించడానికి కనిపెట్టిన వాయిద్యాన్ని ఇప్పుడు చెక్క గొంతు పేరు చెప్పి అమ్ముతున్నారన్నమాట.

ఇవన్నీ నాకు ముందే తెలిసుంటే తాతకి ఆ మాట ఇచ్చేదాన్ని కాదు. కానీ అప్పటికే పని మొదలైపోయింది. విజయనగరంలో తలుపులు చేసే ఒక వడ్రంగి మేస్త్రి ఒప్పుకున్నాడు. రెండు పలకలూ చిత్రిక పట్టి, అంటించి, బిగించి రెండ్రోజులు ఉంచాడు. నా పాత గిటార్ ఒంటిని విడదీసి దాని ఆకారం గీసుకున్నాం. మెడ గుంట అర మిల్లీమీటరు కూడా వదులు ఉండకూడదని నేను పదిసార్లు చెప్తే, "ద్వారబంధం కంటే గట్టిగా కూకోబెడతాను పాపా" అన్నాడు. కోసినప్పుడు పైన గోధుమ రంగు కింద పసుపు పచ్చ బయటపడింది. షెడ్డంతా అదోలాంటి వాసన. మా పెరడు గుర్తొచ్చింది.

పాత మెడ, పాత పికప్‌లు, పాత బ్రిడ్జి అన్నీ కొత్త ఒంటికి ఎక్కించాం. యాంప్‌కి పెట్టి మొదటి కార్డ్ కొట్టా. ఎంత బాగుందో! లోతుగా, గుండ్రంగా, వీణ లాగే ఉందనిపించింది. అందరికీ చూపించుకున్నా. అందరూ "అవునే, పనస టోన్!" అన్నారు.

మా రూమ్మేట్ మాత్రం "కళ్లు మూసుకుని చెప్పగలవా?" అంది. అదే కొంప ముంచింది.

ల్యాబ్‌లో పద్ధతిగా చేశాం. ఒళ్లు మార్చక ముందు పాత గిటార్‌తో రికార్డు చేసినవి ఉన్నాయి. అవే తీగల బ్రాండు కొత్త సెట్టు, పికప్‌కీ తీగకీ మధ్య అదే ఎత్తు, అదే కేబుల్, అవే స్వరాలు కొత్త ఒంటితో రికార్డు చేశాం. శబ్దం స్థాయి సమం చేసి, పేర్లు తీసేసి, హాస్టల్ అమ్మాయిల్ని కూర్చోబెట్టి రెండిట్లో పనస ఏదో చెప్పమన్నాం. ఫలితం బొమ్మా బొరుసా వేసినట్టే వచ్చింది, దాదాపు సగం సగం. నేనూ అంతే. నా చేత్తో చేయించుకున్న గిటార్‌ని నేనే గుర్తుపట్టలేకపోయా. పేర్లు తప్పుగా తగిలించి వినిపిస్తే, బాస్‌వుడ్ విని "ఇదే, ఈ లోతు పనసదే" అన్న వాళ్లలో నేను కూడా ఉన్నాను.

తర్వాత ఒంటిని ముట్టుకోకుండా పికప్‌ని రెండు మిల్లీమీటర్లు పైకి లేపాం. అందరూ తేడా పట్టేశారు. టోన్ కెపాసిటర్ మార్చాం, పట్టేశారు. పొడవాటి కేబుల్ పెట్టాం, పైన మెరుపు తగ్గిందని సగం మంది చెప్పారు. కారణం మన సిలబస్‌లోనే ఉంది. కాయిల్ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఒక రెజొనెన్స్ సర్క్యూట్ అవుతుంది. దాని శిఖరం మామూలుగా 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య పడుతుంది. మన చెవి బాగా పట్టే చోటది. పైకి జరిగితే "బ్రైట్", కిందికి జరిగితే "వార్మ్". షాపులో మేపుల్‌కీ మహాగనికీ ఇచ్చిన బిరుదులు చాలా వరకు ఈ ఎల్, సీలవి.

అయితే చెక్కకి అసలు పాత్రే లేదా అంటే, ఉంది. మొండిగా లేదనడం కూడా తప్పే. తీగ రెండు కొసలూ ఏదో ఒకదానికి కట్టి ఉంటాయి. ఆ ఏదో ఒకటి కాస్త ఊగితే తీగలోని శక్తి అందులోకి కారిపోతుంది. ఏ స్వరం దగ్గర ఎక్కువ కారితే ఆ స్వరం తొందరగా ఆరిపోతుంది. గిటార్ వాళ్లు దాన్ని డెడ్ స్పాట్ అంటారు. నా గిటార్‌లో మూడో తీగ మీద ఒక మెట్టు దగ్గర అలా ఉంది. ఒళ్లు మార్చినా అది పోలేదు. మెడ చివర చిన్న ఇనుప క్లాంప్ బిగిస్తే మాత్రం పక్క మెట్టుకి జరిగింది. అంటే ఊగుతున్నది ఒళ్లు కంటే మెడే. నాలుగు సెంటీమీటర్ల పైన మందం ఉన్న ఒళ్లు ఎక్కడ ఊగుతుంది? సన్నగా పొడుగ్గా ఉన్న మెడ ఊగుతుంది. మేపుల్ గట్టిది, బరువైనది. హార్డ్ మేపుల్ ఘనపు మీటరుకి 700 కిలోల దాకా ఉంటుంది. బాస్‌వుడ్ 400 పైచిలుకే. కాబట్టి మెడకి మేపుల్ వాడటానికి మంచి కారణం ఉంది: వంగదు, మెలి తిరగదు, శక్తిని తక్కువ తాగుతుంది. ఒంటికి మేపుల్ వాడితే ఖాయంగా తెలిసేది భుజానికి, బరువు రూపంలో.

గొల్లపల్లి పెద్దాయన ఒక్క ముక్కలో అన్నది ఇదే. వీణలో చెక్క ఇస్తుంది. గట్టి గిటార్‌లో చెక్క పుచ్చుకోకుండా ఉంటే చాలు.

జూనియర్లు ఎవరైనా గిటార్ కొనబోతుంటే నా మాట: మేపుల్ నచ్చితే కొనుక్కోండి, అందంగా ఉంటుంది. కానీ సౌండ్ కోసం అప్పు చేసి కొనకండి. ఆ డబ్బుతో మంచి పికప్‌లు, మంచి తీగలు కొని, మెడ సరిచేయించుకోండి. నా లాగా కర్రకి మొక్కకండి.

ఇదంతా తెలిశాక ఫోన్లో తాత ప్రతిసారీ అడిగేవాడు: "ఏటే, మన సెట్టు పలుకుతందా?" నేను "పలుకుతంది తాతా" అని మాట మార్చేసేదాన్ని. దసరాకి పరీక్షలన్నాను. దీపావళికి రికార్డులు రాయాలన్నాను. సంక్రాంతికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

కనుమ రోజు సాయంత్రం అరుగు మీద చిన్న యాంప్ పెట్టి వాయించా. ఇంటిల్లిపాదీ విన్నారు. తాత ముందుకి వంగి, యాంప్ మీద చూపు పెట్టి విన్నాడు. అయ్యాక, "బాగున్నాది" అన్నాడు. ఆ బాగున్నాదిలో వెతుకులాట ఉంది. ఇక ఆగలేకపోయా. మొత్తం చెప్పేశా. తాతా, ఈ డబ్బాలోంచి వచ్చేది ఇనప తీగ చప్పుడు, చెట్టుది కాదు, వేరే చెక్క పెట్టినా ఇలాగే ఉంటుంది, నాకే తేడా తెలీలేదు, నేను అప్పుడు తెలీక అన్నాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. రెండు పలకలూ ఏడేళ్లు దాచినవి, వాటిని కోయించి పారేశాను కదా అని.

తాత ఏమీ అనలేదు. "ఇలగ తే" అని గిటార్ తీసుకున్నాడు. తిరగేసి, మెడ అతికిన చోట వేలు పెట్టి తడిమాడు. తీగల వైపు చూడనేలేదు. "మేస్త్రి మంచోడే" అన్నాడు. తర్వాత యాంప్ వైపు చూపించి, "దాన్ని ఆపీ" అన్నాడు. ఆపేశా. గిటార్ నిలబెట్టి, దాని నడుము దగ్గర కుడి చెవి ఆనించాడు. ఆయనకి ఎడం చెవి సరిగా వినపడదు.

"ఇప్పుడు కొట్టు."

కింది మోటు తీగ ఒక్కటి మీటా. నాకు చిన్న టింగుమని వినపడిందంతే. తాత కళ్లు మూసుకున్నాడు. ఆ స్వరం ఆరిపోయేదాకా కదల్లేదు. మళ్లీ కొట్టమన్నాడు. ఇంకోసారి. అరుగు మీద ఇంకెవరికీ ఏమీ వినపడటం లేదు. మామ్మ లోపల్నించి "ఏటి, ఆపేసినారా?" అని అడిగింది.

తాత చెవి తియ్యకుండానే అన్నాడు: "పలుకుతంది గదే. ఆ డబ్బాకి ఇనపడకపోతే మాను."

హాస్టల్‌కి వచ్చాక నేనూ అలా చెవి ఆనించి విన్నా. వినపడుతుంది. మీ గిటార్‌కైనా వినపడుతుంది, అది ఏ కర్రయినా సరే. పనసకీ బాస్‌వుడ్‌కీ అలా విన్నప్పుడు తేడా ఉందా అని రూమ్మేట్ అడిగింది. పాత ఒళ్లు బీరువా మీద అలాగే ఉంది. మెడ విప్పి, దానికి బిగించి, చూడొచ్చు. గంట పని.

ఇంకా చూడలేదు.